ఆలస్యం లెక్కలు – మనవడి ఆటలో నేను నేర్చుకున్నవి

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ రోజున మనం 1982లో సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పును తలుచుకుంటాం. పెన్షను దయాభిక్ష కాదు, హక్కు అని చెప్పిన తీర్పు అది. దాని గురించి నాకన్నా బాగా చెప్పగలిగిన వారు వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శి గారు ఫోను చేసి "ఈసారి డి.ఏ., పి.ఆర్.సి. వదిలేసి ఏదైనా వేరే విషయం మాట్లాడండి, ఆడవాళ్ళు, పిల్లలు కూడా వస్తున్నారు" అన్నారు. సరేనన్నాను. అందుచేత నేను మాట్లాడబోయేది కంప్యూటర్ ఆట గురించి. దయచేసి ఎవరూ లేచి వెళ్ళకండి, భోజనాలకు ఇంకా వేళ కాలేదు.

ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. స్వీడన్ దేశంలో మార్కస్ పెర్సన్ అనే ఆయన తయారుచేసి 2009లో మొదటిసారి జనానికి ఇచ్చాడు. 2011 నవంబరులో పూర్తి రూపంలో వచ్చింది. 2014లో మైక్రోసాఫ్ట్ కంపెనీ 250 కోట్ల డాలర్లకు ఆ సంస్థను కొనుక్కుంది. 2023 నాటికి 30 కోట్ల ప్రతులు అమ్ముడయ్యాయని వాళ్ళే ప్రకటించారు. మీ ఇళ్ళలో ఏడో తరగతి, ఎనిమిదో తరగతి చదివే పిల్లలుంటే వాళ్ళకు ఇది తెలియకుండా ఉండదు. తెర మీద ప్రపంచమంతా చదరపు దిమ్మెలతో కట్టి ఉంటుంది. మట్టి దిమ్మె, రాయి దిమ్మె, చెక్క దిమ్మె. తవ్వుకోవచ్చు, పేర్చుకోవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు. చిన్నప్పుడు మనం ఇసుకలో గుళ్ళు కట్టిన ఆటే, కాకపోతే ఇసుక ఆరిపోదు.

ఇందులో నేను ఎట్లా దిగానో ముందు చెప్పాలి, అది నాకు గొప్ప విషయమేమీ కాదు.

మేము పద్మారావునగర్‌లో ఉంటాం. కొడుకు, కోడలు ఇద్దరూ ఉద్యోగస్తులు. మనవడు బడి నుంచి వచ్చాక రాత్రి వరకు నా అజమాయిషీలో ఉంటాడు. గత వేసవిలో వాడు పగలల్లా ఆ ఆట ముందే. రెండుసార్లు చెప్పాను, మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి లేచి వెళ్ళి మెయిన్ ఆఫ్ చేశాను. ముప్ఫయి ఆరేళ్ళు గుమాస్తాగా చేసినవాణ్ణి, మూడు రిమైండర్ల తర్వాత మెమో ఇవ్వడం అలవాటు. వాడు ఏడవలేదు, అరవలేదు. "తాతయ్యా, మూడు రోజుల నుంచి కడుతున్నాను" అని మాత్రం అన్నాడు. ఆ ఆట కట్టినదంతా తనంతట తానే సేవ్ చేసుకుంటుందట, అందుచేత వాడు కట్టింది పోలేదు. నాతో మాట పోయింది. అన్నం తింటావా అంటే తింటాను, వద్దంటే వద్దు, అంతే. మూడు వారాలు అట్లాగే గడిచింది. మా ఆవిడ నన్నే తప్పుపట్టింది. "మీరు ఆఫీసులో ఆడిటు వాళ్ళకు కూడా ఇంత భయపెట్టే ముఖం చూపించలేదు" అన్నది.

చివరకు ఒక సాయంత్రం నేనే వెళ్ళి వాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏమీ అనకుండా చూశాను. తెర మీద రైలు పట్టాలున్నాయి. రోడ్డు ఉంది. రోడ్డుకు అడ్డంగా గేటు. మల్కాజ్‌గిరి వైపు వెళ్ళేటప్పుడు గేటు పడి మనం స్కూటర్లు ఆపుకుని నిలబడేవాళ్ళం చూడండి, వాడు చిన్నప్పుడు నా స్కూటరు ముందు నిలబడి చూసినవాడే, అదే కడుతున్నాడు. గేటు పడుతోంది, లేస్తోంది, కాని తప్పు సమయంలో. బండి వచ్చేటప్పుడు తెరిచి ఉంటోంది, బండి పోయాక పడుతోంది.

"ఎందుకట్లా అవుతోందిరా?" అన్నాను.

"డిలే సరిగ్గా లేదు తాతయ్యా."

మూడు వారాల తర్వాత వాడు నాతో అన్న మొదటి పూర్తి వాక్యం అది. డిలే అనే మాట వినగానే, ఆ విషయంలో నాకూ కొంత సర్వీసు ఉందనిపించింది.

ఇప్పుడు కాస్త వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి. ఈ ఆటలో రెడ్‌స్టోన్ అని ఎర్రటి పొడి దొరుకుతుంది. నేల లోతుల్లో తవ్వుకోవాలి. ఆ పొడిని నేల మీద గీతలాగా పోస్తే అది కరెంటు తీగ. ఒక చివర మీట పెట్టి రెండో చివర దీపం పెడితే, మీట వేయగానే దీపం వెలుగుతుంది. అయితే ఆ కరెంటు 15 దిమ్మెల దూరం మాత్రమే పోతుంది, ఆ తర్వాత నీరసపడి ఆగిపోతుంది. ముందుకు పంపాలంటే మధ్యలో రిపీటర్ అనే పలక పెట్టాలి. అది వచ్చిన కరెంటును మళ్ళీ పూర్తి బలంతో ముందుకు పంపుతుంది, మన పాత టెలిఫోను లైన్లలో మాదిరి.

ఆ రిపీటర్‌కు రెండో పని ఉంది, ఆలస్యం చేయడం. దాని మీద చిన్న చీల ఉంటుంది. ఒక్కసారి నొక్కితే చీల ఒక మెట్టు జరుగుతుంది. మొత్తం నాలుగు మెట్లు. మొదటి మెట్టులో సెకనులో పదో వంతు ఆలస్యం, నాలుగో మెట్టులో పదింట నాలుగు వంతులు, అనగా 0.4 సెకను. ఇంతకు మించి ఒక్క రిపీటర్ ఆపలేదు. ఒక సెకను కావాలంటే నాలుగో మెట్టులో రెండు, రెండో మెట్టులో ఒకటి వరసగా పెట్టాలి. పది సెకన్లకు నాలుగో మెట్టులో 25 పెట్టాలి. ఇది వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇదంతా కూడికలు, తీసివేతలే కదా!

వాడి గేటు సంగతి చూద్దాం. పట్టాల మీద డిటెక్టర్ పట్టా అని ఒకటి వేస్తే బండి దాని మీదుగా పోయినప్పుడు కరెంటు పుడుతుంది. వేగంగా పోయే బండి సెకనుకు 8 దిమ్మెలు పోతుంది. గేటుకు 80 దిమ్మెల ముందు ఆ పట్టా వేశాడు కనుక బండి గేటు దగ్గరకు రావడానికి పది సెకన్లు. బండి గేటు దాటేవరకు గేటు మూసి ఉండాలని వాడు ఆ తీగలో 25 రిపీటర్లు పెట్టాడు. ఏమైంది? గేటు పడటమే పది సెకన్లు ఆలస్యమైంది. ఈలోగా బండి వచ్చేసింది. బండి పోయాక, ఎవరూ లేని పట్టాలకు గేటు కాపలా కాసింది.

వాడి పొరపాటు ఎక్కడుందో నాకు మన భాషలోనే అర్థమైంది. "ఒరేయ్, ఒకడు పది రోజులు ఆలస్యంగా డ్యూటీలో చేరి, పది రోజులు ఆలస్యంగా రిటైరైతే వాడి సర్వీసు పెరిగినట్టా?" అని అడిగాను. కాదన్నాడు. "నీ రిపీటర్ల వరస అదే చేస్తోంది. మొదలును జరిపింది, చివరనూ జరిపింది. నీకు కావలసింది ఆలస్యం కాదు, ఎక్స్‌టెన్షన్." 1983లో రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కు తగ్గించినప్పుడు రాత్రికి రాత్రి ఇంటికి వెళ్ళిన మిత్రులు ఈ సభలోనే ఉన్నారు, సర్వీసు పొడిగింపు అంటే ఏమిటో వారికి వేరే చెప్పనక్కర్లేదు.

సమస్య తెలిసింది గాని పరిష్కారం నాకు తెలియదు. అది చెప్పింది మా వాకింగు మిత్రుడు. ఆయన రైల్వేలో సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. మన సికింద్రాబాదులోనే 1957 నుంచి రైల్వే వారి ఇరిసెట్ ఉంది కదా, దేశం నలుమూలల నుంచీ సిగ్నల్ ఉద్యోగులు శిక్షణకు వచ్చే సంస్థ, ఆయనా అక్కడ తర్ఫీదు పొందినవారే. పార్కు బెంచీ మీద నేను మనవడి ఆట గురించి చెబుతుంటే మొదట నవ్వారు. తర్వాత జేబులోంచి పెన్ను తీశారు.

"మా రిలేలలోనూ రెండు రకాలున్నాయండీ. ఆలస్యంగా పట్టుకునేవి ఒక రకం, ఆలస్యంగా వదిలేవి ఇంకో రకం. రిలే లోపల ఇనుప కడ్డీ మీద రాగి తొడుగు వేస్తే, కరెంటు పోయిన తర్వాత కూడా అది కొంచెంసేపు పట్టు వదలదు. మీ వాడికి కావలసింది రెండో రకం. వెంటనే మూయాలి, నిదానంగా తెరవాలి" అన్నారు. అని న్యూస్‌పేపరు అంచు మీద బొమ్మ గీసి ఇచ్చారు.

ఆ ప్రకారం చేశాం. గేటుకు ముందు ఒక డిటెక్టర్ పట్టా, గేటు దాటాక ఇంకొకటి. మధ్యలో లాచ్ అని ఒక అమరిక, రెండు రెడ్‌స్టోన్ కాగడాలతో కట్టేది. అది గొళ్ళెం లాంటిది. ఒకసారి వేస్తే, ఇంకో వైపు నుంచి తీసేవరకు పడే ఉంటుంది. మొదటి పట్టా నుంచి వచ్చే తీగలో ఆలస్యమే లేదు, బండి తగలగానే గొళ్ళెం పడుతుంది, గేటు మూసుకుంటుంది. రెండో పట్టా నుంచి గొళ్ళెం తీసే తీగలో మాత్రం పది రిపీటర్లు నాలుగో మెట్టులో పెట్టాం, అనగా 4 సెకన్లు. వెనకాల వచ్చే రెండు మూడు బండ్లు కూడా పోవాలి కదా. మూయడంలో తొందర, తెరవడంలో నిదానం. ఆ రాత్రి మొదటిసారి గేటు సరిగ్గా పడి సరిగ్గా లేచింది. వాడు చెయ్యి చాపాడు, నేనూ చాపాను, చప్పట్లు కొట్టుకున్నాం. ఆ వేళకు టిఫిను చల్లారిపోయిందని మా ఆవిడ ఇద్దరినీ కలిపి తిట్టింది.

ఆ తర్వాత వాకింగు మిత్రుడు ఇంకో మాట అన్నారు, అసలు కథ అక్కడే మొదలైంది. స్టేషను దగ్గర రైలుకు సిగ్నల్ ఇచ్చారనుకోండి, డ్రైవరు చూసి వస్తున్నాడు. ఇంతలో ఏదో కారణాన సిగ్నల్ వెనక్కి తీసుకుని ఎర్ర చేశారు. వెంటనే పట్టాల దారి మార్చడానికి వీలుండదు. 120 సెకన్లు ఆగాలి. ఎందుకంటే డ్రైవరు బ్రేకు వేసినా బండి అప్పటికే సిగ్నల్ దాటి ఉండవచ్చు, దాని కింద పాయింట్లు కదలకూడదు. ఆ రెండు నిమిషాలు లెక్కపెట్టడానికి టైమరు ఉంటుంది. స్టేషను మాస్టరు ఎంత తొందరపడినా, పైనుంచి ఎంత పెద్ద అధికారి ఫోను చేసినా, 120 సెకన్లు 120 సెకన్లే. ఆలస్యం అంటే మనకు తిట్టు మాట. అక్కడ అది ప్రాణాలు కాపాడే ఏర్పాటు.

మనవడికి చెబితే వాడు స్టేషను కడతానన్నాడు, 120 సెకన్ల టైమరుతో సహా. నేను కాగితం తీసి అంచనా వేశాను. 0.4 సెకను చొప్పున 120 సెకన్లకు 300 రిపీటర్లు. ఒక రిపీటర్‌కు మూడు రాళ్ళు, రెండు కాగడాలు, ఒక పొడి. ఒక కాగడాకు ఒక పొడి, ఒక పుల్ల. వెరసి 900 రాళ్ళు, 900 పొడి, 600 పుల్లలు. "ఈ ఎస్టిమేటు ఎవడూ శాంక్షన్ చేయడురా" అన్నాను.

వాడు నవ్వి, హాపర్ చూపించాడు. ఇనుముతో చేసిన గరాటు లాంటి పెట్టె. ఐదు ఇనుప కడ్డీలు, ఒక చెక్క పెట్టె పెడితే తయారవుతుంది. దానిలో వస్తువులు వేస్తే ఒక్కొక్కటిగా పక్క హాపర్‌లోకి జారవిడుస్తుంది. ఒక వస్తువు జారడానికి పట్టే కాలం సరిగ్గా 0.4 సెకను, రిపీటర్ నాలుగో మెట్టు ఎంతో అంతే. దాంట్లో ఐదు అరలు, ఒక్కో అరలో 64 వస్తువులు పడతాయి. నిండుగా 320 వేస్తే ఖాళీ కావడానికి 128 సెకన్లు. మనకు 120 చాలు కనుక 300 వేయాలి, అనగా నాలుగు అరలు నిండుగా, ఐదో అరలో 44. మూడు వందల రిపీటర్ల పని రెండు పెట్టెలతో తీరిపోయింది. అయితే ఏ వస్తువు వేసినా కుదరదు. కోడిగుడ్లు వేస్తే అరకు 16 మాత్రమే పడతాయి, 80 గుడ్లు 32 సెకన్లలో అయిపోతాయి. రాళ్ళు వేశాం.

హాపర్ ఖాళీ అయిందో లేదో చెప్పడానికి పక్కన కంపారేటర్ అనే పలక ఉంటుంది. హాపర్‌లో ఒక్క రాయి మిగిలి ఉన్నా అది కరెంటు ఇస్తూనే ఉంటుంది, ఆఖరి రాయి జారగానే ఆపేస్తుంది. హాపర్‌కు కరెంటు తగిలి ఉన్నంతసేపు అది తాళం వేసినట్టు కదలదు, కరెంటు తీస్తే జారడం మొదలవుతుంది. సిగ్నల్ వెనక్కి తీసుకోగానే తాళం తీయాలి, ఆఖరి రాయి జారగానే దారి విడుదల కావాలి. మళ్ళీ వాడాలంటే రాళ్ళు వెనక్కి రావాలి. అందుకు రెండు హాపర్లను ఎదురెదురుగా పెట్టి, ఒకదానికి తాళం ఉన్నప్పుడు రెండోది జారేటట్టు అమర్చాలి. ఈథో అనే కెనడా ఆటగాడి పేరు మీద ఈ అమరిక ప్రసిద్ధి. మేము మొదటిసారి తాళం మరిచిపోయాం. రాళ్ళు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఆగకుండా తిరిగాయి. రెండు సెక్షన్ల మధ్య ఫైలు తిరగడం నేను ముప్ఫయి ఆరేళ్ళు చూశాను గాని, ఇంత శుభ్రంగా కళ్ళకు కట్టినట్టు ఎప్పుడూ చూడలేదు.

మన పూర్వులకు గడియ కుడుక ఉండేది. అడుగున సన్నని రంధ్రం ఉన్న గిన్నెను నీళ్ళలో వదిలితే, నిండి మునగడానికి ఒక గడియ, 24 నిమిషాలు. రోజుకు అరవై గడియలు. లీలావతి పెళ్ళి ముహూర్తానికి ముత్యం ఆ రంధ్రంలో పడి గడియ తప్పిందనే కథ మీకు తెలిసినదే. మా హాపర్ కూడా ఆ గిన్నె లాంటిదే. మైన్‌క్రాఫ్ట్‌లో పగలూ రాత్రీ కలిపి ఒక రోజుకు 20 నిమిషాలే. వాళ్ళ రోజంతా మన గడియకు చాలదు. అందుకే పిల్లలకు "ఇంకొక్క రోజు తాతయ్యా" అంటే తప్పనిపించదు.

టైమరు తయారయ్యాక నా పాత హెచ్.ఎం.టి. వాచీ తీసి లెక్కపెట్టాను. మొదటి పరీక్షలో 120 సెకన్లు. రెండో పరీక్షలో 131 వచ్చింది. కంగారుపడ్డాను. ఆట సెకనుకు 20 అడుగుల చొప్పున నడుస్తుందట, కంప్యూటరు మీద బరువు పెరిగితే ఆ అడుగులే నెమ్మదిస్తాయట. మా కోడలు అదే కంప్యూటరులో ఆఫీసు పని ఏదో తెరిచి ఉంచింది. అది మూసేస్తే మళ్ళీ 120.

ఇప్పుడు చెప్పేది నేను ఇదివరకు ఏ సభలోనూ చెప్పలేదు.

ఒక ఆదివారం టైమరు మొదలుపెట్టి, ఇది ఎట్లాగూ రెండు నిమిషాలు పడుతుంది కదా అని రైలెక్కి లైను రెండో చివరకు వెళ్ళాం. అక్కడ వాడు కట్టిన కొండలు, వంతెనలు చూపించాడు. చాలా దూరం. తిరిగి వచ్చేసరికి నా వాచీలో పావుగంట దాటింది. స్టేషనులో దీపం ఇంకా ఎర్రగానే ఉంది. హాపర్ తెరిచి చూస్తే సగానికి పైగా రాళ్ళు అట్లాగే ఉన్నాయి. మేము చూస్తుండగా మళ్ళీ జారడం మొదలైంది.

"పాడైపోయిందిరా" అన్నాను.

"పాడవలేదు తాతయ్యా. మనం దూరం వెళ్ళిపోయాం కదా. ఆడేవాడు దగ్గర లేకపోతే ఆ చోట ఏదీ నడవదు. వస్తే మళ్ళీ అక్కడి నుంచే మొదలవుతుంది."

"మరి సూర్యుడు?"

"సూర్యుడు ఆగడు."

నేను ఇంకేమీ అడగలేకపోయాను. నీళ్ళు తాగి వస్తానని లేచి వెళ్ళిపోయాను.

1981లో నేను ఒక జిల్లా ఆఫీసులో యు.డి. గుమాస్తాను. మీలో చాలామందికి పర్సనల్ రిజిస్టరు, రిమైండర్ డైరీ తెలుసు. పిల్లల కోసం చెబుతాను. తపాలులో వచ్చిన ప్రతి కాగితానికి కరెంటు నంబరు వేసి రిజిస్టరులో ఎక్కిస్తాం. వేరే ఆఫీసు నుంచి జవాబు రావలసి ఉంటే, ఫలానా తేదీన మళ్ళీ పైకి తీయాలని డైరీలో రాసుకుంటాం. ఆ తేదీ వచ్చిన రోజు ఫైలు బయటికి రావాలి. ఇది మనం చేతితో నడిపిన డిలే సర్క్యూట్.

మా ఆఫీసు అటెండరు ఒకతను సర్వీసులో ఉండగానే పోయాడు. భార్యకు ఫ్యామిలీ పెన్షను రావాలి. అతని సర్వీసు రిజిస్టరులో ఒక సంవత్సరం వెరిఫికేషను లేదు. అంతకుముందు అతను పనిచేసిన ఆఫీసుకు రాశాను. డైరీలో నెల రోజుల తర్వాతి తేదీ వేశాను. ఈలోగా నా సీటు మారింది. కొత్తగా వచ్చినతను కొత్త డైరీ తెరిచాడు. పాత డైరీ బీరువా అడుగుకు పోయింది.

ఆమె ప్రతి నెలా మొదటి వారంలో వచ్చి వరండాలో కూర్చునేది. నన్ను చూస్తే లేచి నిలబడేది. "వస్తుంది లేమ్మా" అనేవాణ్ణి. ఆ సీటు నాది కాదు కదా ఇప్పుడు. పదకొండు నెలలు. ఒకరోజు ఆమె వరండాలో ఆగకుండా లోపలికి వచ్చి నా టేబులు ముందే నిలబడింది. ఏమీ అడగలేదు. అప్పుడు లేచి వెళ్ళి ఆ బీరువా తెరిచాను. అవతలి ఆఫీసు జవాబు ఆరు వారాలకే వచ్చి ఉంది. వేరే కరెంటులో పొరపాటున కుట్టేసి ఉంది. తొమ్మిది రోజుల్లో ప్రతిపాదనలు వెళ్ళిపోయాయి. ఆ తర్వాత పెన్షను వచ్చింది, బకాయిలతో సహా పైసా తగ్గకుండా వచ్చింది. కాని ఆ పదకొండు నెలల్లో ఆమె పెద్దకొడుకును బడి మానిపించి టీ హోటల్లో పెట్టింది. ఆ పిల్లవాడు అప్పుడు ఏడో తరగతి.

నా మీద చర్య ఏదీ లేదు. రూలు ప్రకారం నా తప్పు కాగితం మీద ఎక్కడా లేదు. నేను వేసిన తేదీ సరైనదే. ఆ తేదీ దగ్గర ఎవరూ నిలబడి లేరు.

ఆలస్యాలన్నీ చెడ్డవని నేను అనను. కమ్యుటేషను చేయించుకున్న మనందరం పదిహేనేళ్ళ టైమరు పెట్టుకున్నవాళ్ళమే. అది పూర్తయిన నెలలో పెన్షను మళ్ళీ పూర్తిగా వస్తే ఎంత సంబరపడ్డాం! రైల్వే వారి రెండు నిమిషాలకు కారణం ఉంది, లెక్క ఉంది, ముగింపు ఉంది. నేను చేసినదానికి ఆ మూడూ లేవు. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే మన పెన్షను కూడా మా హాపర్ లాగే ఆగి, మనం కనిపించాక అక్కడి నుంచే మొదలవుతుంది. ఆగినన్నాళ్ళూ మందుల షాపువాడు మాత్రం ఆగడు.

ఆ రాత్రి మనవడికి ఈ సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానంటే, వాడి మూడు రోజుల పనిని నేను ఒక్క మీటతో ఆపిన నాడు వాడి ముఖంలో చూసింది నేను ముందెక్కడో చూసినదే. వాడు అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఆ అబ్బాయి మళ్ళీ బడికి వెళ్ళాడా తాతయ్యా?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. నేను కనుక్కోలేదు.

మరునాడు వాడు స్టేషను టైమరును, సిగ్నల్ క్యాబినుతో సహా ఊడదీశాడు. లైను మధ్య నుంచి తెచ్చి, ఆటలో మేము ఎప్పుడూ ఉండే ఇంటి పక్కనే మళ్ళీ కట్టాడు. 300 రాళ్ళూ తనే లెక్కపెట్టి వేశాడు. రోజుకు గంటసేపు అని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. నా కంటి డాక్టరు కూడా అంతకు మించి వద్దన్నారు. గంట దాటిందని చెప్పే బాధ్యత వాడిదే. మెయిన్ జోలికి నేను పోను.

మనవలతో ఈ ఆట మొదలుపెట్టాలనుకునే వారి కోసం గేటు బొమ్మ, హాపర్ లెక్కలు ఒక కాగితం మీద రాసి సంఘం ఆఫీసులో ఉంచాను. జిరాక్స్ తీసుకోవచ్చు. మా వాకింగు మిత్రుడు కూడా ఆ మూడో వరసలో కూర్చున్నారు, సిగ్నల్ సందేహాలు ఆయన్ని అడగండి, హాపర్ సందేహాలు నన్ను అడగండి. రెండు హాపర్లకూ తాళం సంగతి మాత్రం మరిచిపోకండి. వడ్డన మొదలైనట్టుంది.